నాయిన కంప్యూటర్ మల్ల ఎట్ల లేచిందంటే

మిరుగు పోయింది, ఆరుద్ర నడుస్తున్నది. కందులు పెట్టినోళ్లు పెట్టిండ్రు, మిగిలినోళ్లు మొగులు దిక్కు చూస్తున్నరు. ఎప్పుడూ పంట ముచ్చట్లే రాస్త గదా, ఈసారి జర వేరే. మూలకు పడ్డ పాత కంప్యూటర్‌ను ఎట్ల లేపిన, మధ్యల ఎక్కడ బోల్తా పడబోయిన, అది చెప్త. నవ్వకుండ్రి. మీ ఇండ్లల్ల గూడ అసొంటిది ఒకటి దుప్పటి కింద పడే ఉంటది. పిల్లల సదువుకని కొన్నదో, దుకాణం పెడదామని తెచ్చి ఇడిసిపెట్టిందో. దాన్ని పాత సామానోనికి ఏసే ముందు ఒక్కసారి ఇది సదువుండ్రి.

ఎందుకు అవసరం పడ్డదో ముందు చెప్పాలె. నాయిన పోయినంక భూమి అన్నదమ్ములం పంచుకున్నం. పాసుబుక్కు వచ్చినంక చూసుకుంటే నా దాంట్ల 14 గుంటలు తక్కువున్నది. మోక మీద భూమి ఉన్నది, ఏటా దున్నుతనే ఉన్న, కాయితంల లేదు. తప్పు ఎవరిదన్న పంచాయితీ ఇక్కడ పెట్టను. 2025 ఏప్రిల్ 14న భూభారతి మొదలైంది. ముందుగాల తీసుకున్న నాలుగు మండలాలల్ల మన జిల్లా మద్దూరు గూడ ఒకటి, మీకు తెల్సిందే. ఆ తర్వాత జూన్ 3 నుంచి 20 దాక అన్ని దిక్కుల రెవెన్యూ సదస్సులు పెట్టిండ్రు. మా ఊరి తారీఖు తెల్సేసరికి నా చేతుల వారం రోజులే ఉన్నయి.

ఆధారం ఏం పెట్టాలె? నాయిన దాచిన పాత పహాణీ నకళ్లు ట్రంకు పెట్టెల ఉండాలె. తెరిచి చూస్తే చెదలు ముందే వచ్చి సదువుకున్నయి. కట్ట మొత్తం మట్టి గడ్డ లెక్క అయింది. ఆఫీసుల మల్ల నకలు తీసుకోవచ్చు, కాదనను. కాని ఏ సంవత్సరం పహాణీ, ఏ నంబరు కింద ఏ బై నంబరు, ఎవరి దగ్గర కొన్నది, ఇదంత తెలిస్తే గదా అడిగేది. అప్పుడు యాదికొచ్చింది. నాయిన అవన్ని స్కానింగ్ చేయించి కంప్యూటర్‌ల పెట్టుకున్నడు.

ఆ కంప్యూటర్ సంగతి గూడ చెప్పాలె. 2011ల మా అన్న సికింద్రాబాద్ పార్క్‌లేన్‌ల, చెనాయ్ ట్రేడ్ సెంటర్ల, పాత సామాన్లతోని కట్టించి తెచ్చిండు. నాయిన ఏడో తరగతి. పేటల పెండ్లి పత్రికలు కొట్టే డీటీపీ దుకాణంల కూసోని నెల రోజులు తెలుగు టైపు నేర్చుకున్నడు. అప్పుడు పొలం కరెంటు రాత్రి పూట వంతుల లెక్కన ఇచ్చేది. 24 గంటల కరెంటు మనకు 2018 జనవరి 1 నుంచి గదా. నాయిన వంతు వచ్చేదాక మేల్కొని, నిద్ర ఆగాలంటే చేతులకు పని ఉండాలని, ఇంట్ల కూసోని ఒక్కొక్క అక్షరం ఒత్తుకుంట లెక్కలు ఎక్కించెటోడు. కరెంటు రాంగనే చెప్పులేసుకోని మోటరు కాడికి పోయెటోడు. 2021ల నాయిన పోయిండు. దాని మీద అమ్మ ఒక పాత నారాయణపేట చీర కప్పింది. మేం మల్ల ముట్టలేదు.

నాలుగేండ్ల తర్వాత చీర తీసి, స్విచ్ ఒత్తిన. ఏం లేదు. లైటు లేదు, ఫ్యాను లేదు, చప్పుడు లేదు.

ఇక్కడ మన పని మనకు పనికొచ్చింది. బాయి కాడ మోటరు లేవకపోతే ముందుగాల మోటరు పీకుతమా? పీకం. కంభం దిక్కు చూస్తం, మూడు ఫేజులు ఉన్నయా అని. ఫ్యూజు చూస్తం, స్టార్టరు చూస్తం, కేబులు చూస్తం. ఆఖరుకు మోటరు. కంప్యూటర్‌ది గూడ అదే తొవ్వ. కరెంటు ఎక్కడి నుంచి వస్తున్నదో అక్కడ మొదలు పెట్టి ఒక్కొక్క అడుగు ముందుకు రావాలె. ఒక్కసారి ఒక్కటే మార్చాలె. రెండు కలిపి మారిస్తే దేనితోని బాగయిందో మనకు తెల్వదు, ఇంకోసారి ఆగితే మల్ల మొదటికే వస్తం.

గోడ ప్లగ్గుల ఫోన్ ఛార్జరు పెట్టి చూసిన, ఎక్కుతున్నది. కంప్యూటర్ వైరు, మానిటర్ వైరు రెండూ ఒకటే తీరు ఉంటయి, అటుదిటు మార్చి చూసిన, వైర్లు మంచిగనే ఉన్నయి. మధ్యల యూపీఎస్ డబ్బా ఉన్నది. దాంట్ల 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఉంటది, మన ట్రాక్టరు బ్యాటరీ జాతే, సీసం, ఆమ్లం. వాడకుండ ఉంచితే రెండు మూడేండ్లల్ల సచ్చిపోతది. మా యూపీఎస్ అసలు లేస్తలేదు. దాన్ని పక్కకు పెట్టి నేరుగ గోడకు పెట్టిన. ఫ్యాను తిరిగింది! కంప్యూటర్ పోయిందని ఎంతమంది అనుకొని ఉంటరో, పోయింది యూపీఎస్ మాత్రమే.

ఒక మాట. కంప్యూటర్ వెనుక కరెంటు పెట్టే కాడ కొన్నిట్ల ఎర్ర రంగు చిన్న స్విచ్ ఒకటి ఉంటది, 115, 230 అని రాసి ఉంటది. లేస్తలేదని దాన్ని అటుదిటు జరపకుండ్రి. మన కరెంటు 230. దాన్ని 115 మీద పెట్టి స్విచ్ ఏస్తే ఢాం అంటది, ఆ డబ్బా ఇగ పనికిరాదు.

ఇంకొకటి. డబ్బా రేకు పట్టుకుంటే చేతికి చిమచిమ అన్నది. మా అమ్మ అయితే షాకు కొడుతున్నదని ఇంట్ల అందరిని దూరం జరిపింది. అది కంప్యూటర్ ఖరాబు కాదు, ఇంటికి ఎర్తు లేకపోవుడు. మన ఊర్లల్ల మూడో పిన్ను ఉంటది గాని దాని వెనుక వైరు ఉండదు. లోపలి ఫిల్టరు నుంచి జరంత కరెంటు రేకు మీదికి దిగుతది, భూమిలకు పోయే తొవ్వ లేక అక్కడనే ఉంటది. ఎర్తు గుంత తవ్వించి ఉప్పు, బొగ్గు ఏసి నీళ్లు పోస్తే అది పోతది. ఇంట్ల ఫ్రిజ్జు, గ్రైండరు ఉన్నోళ్లకు గూడ ఈ పని కావాలె. నేను కంప్యూటర్ పుణ్యాన చేయించిన.

సరే. ఫ్యాను తిరిగింది గాని తెర నల్లగనే ఉన్నది, లోపల నుంచి పొడుగు కూత ఆగి ఆగి వస్తున్నది. కూ... కూ... అని. తెర మీద సిగ్నల్ లేదని అక్షరాలు వచ్చినయి అంటే మానిటర్ బతికే ఉన్నది, దానికి పంపేటోడు పంపుతలేడు. కూత గూడ మంచిదే. కూతబెట్టేటంత పానం ఉన్నదన్నట్టు. అది చెప్పేది గూడ ఒక మాటనే. ఎన్ని కూతలు, పొడుగా పొట్టిగా అన్నదానికి ఒక్కొక్క కంపెనీ బోర్డుకు ఒక్కొక్క లెక్క ఉంటది. మా దాంట్ల పొడుగు కూత ఆగకుండ వస్తే ర్యామ్ దొరుకుతలేదని. ర్యామ్ అంటే లోపల పొడుగాటి పచ్చ పట్టీ, దాని అంచుకు బంగారు రంగు గీతలు ఉంటయి.

ప్లగ్గు మొత్తం పీకి, స్విచ్‌ను పది లెక్కపెట్టేదాక ఒత్తి పట్టిన, లోపల మిగిలిన కరెంటు దిగిపోయేటందుకు. పక్క రేకు మర్రలు తీసిన. అన్నలారా, లోపల ఒక ఊరు ఉన్నది. బల్లి గుడ్ల పెంకులు, సాలీడు గూళ్లు, పత్తి దూది, మధ్యల ఫ్యాను కింద దుమ్ము కంబళి లెక్క పరుసుకున్నది. మా చిన్నోడు ట్రాక్టర్ల గాలి కొట్టే కంప్రెషర్ తెస్తా అన్నడు. వద్దన్న. దాని ట్యాంకుల నీళ్లు ఉంటయి, గాలితోపాటు బయటికి వస్తయి, మల్ల అంత జోరుకు చిన్న ఫ్యాను దాని పరిమితి దాటి తిరిగి పాడైతది. నోటితోని ఊదినా తడి పడతది. గోడలకు రంగులేసే పెయింటు బ్రష్షు కొత్తది తెచ్చి మెల్లగ దులిపిన. ముట్టుకునే ముందు ప్రతిసారి రేకును ఒకసారి తాకిన. మన ఒంటి మీద ఉండే కరెంటు బోర్డు మీదికి దిగకుండ. కరెంటు డబ్బాను మాత్రం విప్పొద్దు. దాంట్ల పెద్ద కెపాసిటర్లు ప్లగ్గు పీకినంక గూడ కొంతసేపు కరెంటు పట్టుకోని ఉంటయి. స్టార్టరు డబ్బాల కెపాసిటర్ పట్టుకొని ఎగిరిపడ్డోళ్లకు నేను చెప్పేదేం లేదు.

బోర్డు మీద చిన్న చిన్న గోళాల లెక్క కెపాసిటర్లు నిలవడి ఉంటయి. వాటి నెత్తి చదునుగ ఉన్నదా, ఉబ్బిందా చూడాలె. ఉబ్బి, గోధుమ రంగు జిగురు కారితే ఆ బోర్డు పని అయిపోయినట్టే, దుకాణపోనికి చూపియ్యాలె. మా దాంట్ల అన్ని చదునుగనే ఉన్నయి. బతుకు జీవుడా అనుకున్న.

ర్యామ్ పట్టీలు రెండు. రెండు దిక్కుల తెల్ల కొక్కేలు బయటికి ఒత్తితే పైకి లేస్తయి. ఆ బంగారు గీతల మీద నల్లగ పొర పట్టింది. మా చిన్నోని కంపాస్ పెట్టెల నుంచి పెన్సిల్ రబ్బరు తీసి గీతల మీద మెల్లగ రుద్దిన. రబ్బరు నల్లగైంది. రబ్బరు పొడి గుడ్డతోని తుడిచి, ఒక్క పట్టీనే పెట్టి స్విచ్ ఏసిన. కూత వచ్చింది. దాన్ని తీసి రెండోది పెట్టిన. కూత లేదు, ఒకే ఒక్క చిన్న టిక్, తెర మీద తెల్ల అక్షరాలు! పట్టీ ఒకటి సచ్చింది, ఒకటి బతికింది. 1 జీబీతోని విండోస్ 7 కుంటుకుంట నడుస్తది, నడుస్తది గాని. మాకు అంతే కావాలె.

తెర మీద ఏమొచ్చిందంటే, సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్, డిఫాల్ట్స్ లోడెడ్. తారీఖు పదిహేనేండ్ల ఎనకది చూపిస్తున్నది. బోర్డు మీద రూపాయి బిళ్ల లెక్క ఒక బ్యాటరీ ఉంటది, సీఆర్2032 అంటరు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, ఆ అంకెలు అవే. 3 వోల్టులు ఉండాలె. మా మల్టీమీటరుతోని చూస్తే ఒకటి గూడ లేదు. కంప్యూటర్ ప్లగ్గుకు పెట్టి ఉన్నంతకాలం ఈ బ్యాటరీకి పెద్ద పని ఉండదు. మొత్తం పీకి మూలకేస్తే గడియారం నడిపే బరువంత దాని మీదనే పడతది. నాలుగేండ్లు మోసి మోసి పోయింది. పేటల గడియారాల దుకాణంల దొరికింది, కూలి లేదు, బిళ్ల ధరే. పెట్టి, తారీఖు సరిచేసి, ఇగ అయిపోయిందనుకున్న.

అసలు పరీక్ష అప్పుడు మొదలైంది.

విండోస్ బొమ్మ వచ్చింది. నాలుగు రంగుల పువ్వు లెక్క మెల్లగ కలుస్తుండంగనే నీలం తెర ఒక్క రెప్పపాటు తళుక్కుమని, ఆగి, మల్ల మొదటి నుంచి. మల్ల బొమ్మ, మల్ల నీలం, మల్ల మొదలు. ఇరవై సార్లు చూసిన. రాత్రి పదకొండు దాటింది. అమ్మ మంచం మీద నుంచి "నాయిన ఉన్నప్పుడు ఇట్ల చేయలేదురా" అన్నది. ఏం చెప్పాలె?

పొద్దుగాల డబ్బాను బండి ముందట పెట్టుకోని పేటల ఒక రిపేరు దుకాణానికి పోయిన. ఆ పిల్లగాడు రెండు నిమిషాలు చూసిండు. "అన్నా, విండోస్ ఎగిరిపోయింది. ఫార్మాట్ కొట్టి కొత్తది ఏస్త, మాపటికి తీస్కపో" అన్నడు. "లోపల ఉన్నయి?" అన్న. "డీ డ్రైవ్‌ల ఉన్నయి ఉంటయి, సీ ల ఉన్నయి పోతయి." నాయిన ఫైళ్లు ఏడ పెట్టిండు? తెర మీద, ముందట్నే. తెర మీద కనిపించేదంత సీ డ్రైవ్‌లనే ఉంటది. ఈ సంగతి నాకు అప్పుడు తెల్వదు. ఆ పిల్లగాడు గూడ అడగలేదు. నేను "సరే కొట్టు" అన్న, నిజంగ అన్న. పైసలు గూడ జేబుల నుంచి తీసిన.

ఆ పిల్లగాన్ని నేను తిట్టను. ఫార్మాట్ వానికి చేతిల ఉన్న పని, అరపూటల అయితది, మల్ల ఫిర్యాదు రాదు. మనం గూడ ఎన్నిసార్లు పురుగు ఏదో చూడకుండ పక్కోడు కొట్టిన మందే కొట్టలేదు? కాని ఒక్కటి యాదికుంచుకోండ్రి. కంప్యూటర్ పోతే మల్ల కొనుక్కోవచ్చు. దాంట్ల మన లెక్కలు ఉండేది హార్డ్ డిస్క్ అనే ఒక్క డబ్బాల, అరచేయంత ఉంటది, దాన్ని విప్పి వేరే కంప్యూటర్‌కు తగిలించి ముందు నకలు తీసుకోవచ్చు. ఫార్మాట్ అన్న మాట వినంగనే "ముందు నా ఫైళ్లు పెన్‌డ్రైవ్‌ల ఇయ్యి, తర్వాత ఏదన్న చెయ్యి" అనాలె. పెద్ద కంప్యూటర్ల డిస్క్‌కు మామూలు కేబులు సరిపోదు, 12 వోల్టుల అడాప్టరు గూడ ఉండే కేబులు కావాలె. రిపేరు దుకాణాలల్ల ఉంటది.

నన్ను ఆపింది మా అన్న బిడ్డ. హైదరాబాద్‌ల సదువుతున్నది. దుకాణంల ఉన్నప్పుడే ఫోన్ చేసింది, ఏరువాక ఎట్ల అయింది, నాయినమ్మ మోకాలు ఎట్లున్నది అని. మాటల మధ్యల ఇది చెప్పిన.

"చిన్నాయినా, ఫార్మాట్ వద్దు వద్దు. ఇంటికి తీస్కపో. తాత ఫైళ్లు పోతయి."

"ఇంట్ల పెట్టుకోని ఏం చెయ్యాలె బిడ్డా, లేస్తనే లేదు."

"లేచేటప్పుడు ఎఫ్8 టపటప ఒత్తు. అండ్ల రీస్టార్ట్ కాకుండ ఆపేది ఒకటి ఉంటది. నీలం తెర ఆగుతది. దాన్ని ఫొటో తీసి పంపు."

దుకాణంల పైసలు జేబుల పెట్టుకున్న. ఆ పిల్లగాడు ఏం అనలేదు, డబ్బా బండి మీద పెట్టనీకి చెయ్యి గూడ పట్టిండు.

ఇంటికొచ్చి ఎఫ్8 ఒత్తితే నల్ల తెర మీద తెల్ల అక్షరాల వరుస వచ్చింది. ఫెయిల్ అయితే తనంతల తాను రీస్టార్ట్ కావొద్దన్నది ఎంచుకున్న. ఈసారి నీలం తెర నిలబడ్డది. ఆఖర్ల ఒక సున్నాల వరుస, చివరికి 7బి. ఫొటో పంపిన. పావుగంటకు ఫోన్ వచ్చింది.

"చిన్నాయినా, ఒకటి అడుగుత. ఆ బిళ్ల బ్యాటరీ పోయినప్పుడు లోపలి సెట్టింగులన్ని పోయినయి గదా. తారీఖు పెట్టినవు. మిగిలినయి పెట్టినవా?"

మిగిలినయి అంటే ఏంది? నాకేం తెల్సు!

అదీ సంగతి. 7బి అంటే విండోస్ ఉన్నది గాని అది తన సొంత డిస్క్‌ను చేరుకోలేకపోతున్నదని అర్థమంట. 2011ల కట్టినోళ్లు డిస్క్‌తోని మాట్లాడే పద్ధతిని ఏహెచ్‌సీఐ అని పెట్టి విండోస్ ఏసిండ్రు. బ్యాటరీ సచ్చినంక బోర్డు తన ఫ్యాక్టరీ లెక్కకు పోయింది, ఆ లెక్కల పద్ధతి ఐడీఈ. డిస్క్ మంచిగనే ఉన్నది, విండోస్ మంచిగనే ఉన్నది, ఇద్దరు మాట్లాడుకునే భాష మారిపోయింది. కృష్ణ కాడ సంతల కన్నడపాయన, తెలుగాయన ఎడ్ల బేరం చేస్తున్నప్పుడు మధ్యల దళారి మాయమైతే ఎట్లుంటదో గట్ల.

మనకు ఇది కొత్త కాదు. స్టార్టరుల కొత్త రిలే ఏసినంక ఆంపియర్ల సూదిని మన మోటరు లెక్కకు తిప్పకపోతే ఏమైతది? మోటరు లేస్తది, ట్రిప్ అయితది, లేస్తది, ట్రిప్ అయితది. మోటరు కాలిందని గొలుసులు ఏసి పైపులు పీకి, ఇద్దరు కూలీలను పెట్టి బయటికి తీస్తం. చూస్తే మోటరు మంచిగనే ఉంటది. నేను ఒకసారి తీసిన. మీరెంతమంది తీసిండ్రో మీకే ఎరుక.

స్విచ్ ఏసి డిలీట్ బటన్ ఒత్తుకుంట నీలం సెట్టింగుల తెరలకు పోయినం. ఫోన్ వీడియోల ఆ పిల్ల చూసుకుంట చెప్తున్నది, నేను ఒత్తుతున్న. సాటా మోడ్ అనే కాడ ఐడీఈ అని ఉన్నది. దాన్ని ఏహెచ్‌సీఐ చేసి, ఎఫ్10 ఒత్తి, అవునని ఒప్పుకున్న. నల్ల తెర. విండోస్ బొమ్మ. రంగులు కలిసినయి. నీలం తళుక్కు రాలేదు. జర సేపు డిస్క్ కరకర అన్నది, మల్ల ఆ పాత తొలి పాట వినబడ్డది. మంచం మీద నుంచి అమ్మ లేచి కూసున్నది. ఆ పాట వస్తే నాయిన కూసున్నట్టు లెక్క మా ఇంట్ల.

తెర మీద ఫోటో, నాయిన పెట్టుకున్నదే, మా పాత జోడెడ్లది. ఎడమ దిక్కు ఫోల్డర్లు. పహాణీ. బోర్లు. కందులు. అప్పులు. ఇచ్చినయి అని ఒకటి, తెచ్చినయి అని ఒకటి.

వెంటనే ఇంకో పని ఏదీ పెట్టుకోలేదు. రెండు పెన్‌డ్రైవ్‌ల నకలు తీసిన. లేచిన ముసలి కంప్యూటర్ రేపు గూడ లేస్తదని నమ్మకం ఏముంది? నెట్ పెట్టలేదు, విండోస్ 7కు కంపెనీ రక్షణ 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. దాన్ని నెట్‌కు తగిలిస్తే తలుపులు లేని కొట్టంల గింజలు పోసినట్టే.

స్కాన్ చేసిన పహాణీలు ఫొటోల లెక్క ఉన్నయి, అవి ఫోన్‌ల గూడ తెరుచుకున్నయి. కాని ఏ ఫొటో ఏ సంవత్సరానిది, దేనిల మన పేరు ఎక్కడుందో నాయిన తెలుగుల ఒక పట్టిక రాసి పెట్టిండు. దాన్ని ఫోన్‌ల తెరిస్తే తెలుగు లేదు! ఇంగ్లీషు అక్షరాలు, ప్రశ్న గుర్తులు, డాలర్లు, ఇష్టమొచ్చినట్టు. గుండె జారింది. తర్వాత తెల్సింది, నాయిన డీటీపీ దుకాణంల నేర్చుకున్నది యూనికోడ్ కాదు, దాని ముందటి పాత ఫాంటు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్‌లనే అది తెలుగు. వేరే దగ్గర గడ్డి. మీ దగ్గర గూడ పాత సంఘం తీర్మానాలు, పెండ్లి పత్రికలు, దేవుని చందా లెక్కలు ఇట్లనే ఉంటే వాటిని ఆ పాత కంప్యూటర్ బతికి ఉన్నప్పుడే, దాంట్లనే తెరిచి, పీడీఎఫ్ లెక్క సేవ్ చేసుకోండ్రి. పీడీఎఫ్‌ల ఫాంటు గూడ లోపల్నే కూసుంటది, ఎక్కడ తెరిచినా తెలుగే. ఫార్మాట్ అయి ఉంటే, లేకుంటే ఒక్క డిస్క్ పీకి నకలు తీసుకొని డబ్బాను పారేసి ఉంటే, ఈ పట్టిక నాకు అక్కరకు రాకపోయేది. ఫాంటు పోయేది, దాని పేరేందో గూడ తెల్వకపోయేది.

పట్టికల మూడో వరుసల ఉన్నది నాకు కావాల్సింది. ఏ సంవత్సరం, ఏ బై నంబరు, ఎవరి దగ్గర కొన్నది, 14 గుంటలు. పక్కన నాయిన రాసిన మాట: దీన్ని తమ్మునికి ఇయ్యాలె. తమ్ముడు అంటే నేను, మా అన్నకు తమ్మున్ని గదా, ఇంట్ల అందరు నన్ను అట్లనే పిలుస్తరు.

సదస్సుల దరఖాస్తు ఇచ్చిన, ఆ పహాణీ ఫొటో ప్రింటు జోడించిన, ఏ సంవత్సరం రికార్డు చూడాలెనో రాసి ఇచ్చిన. రసీదు ఇచ్చిండ్రు. ఇంక తేలలేదు, ఆఫీసుల రికార్డుతోని సరిచూసుకుంటమన్నరు, చూసుకోవాలె గూడ. ప్రింటు చూసి ఇచ్చేస్తే రేపు ఎవరన్న ఏదన్న ప్రింటు తెస్తరు.

ఇగ అసలు మాట ఒకటి మిగిలింది. దరఖాస్తు పని అయినంక ఒక రాత్రి ఊకెనే బోర్ల ఫైలు తెరిచిన. నాయిన ఏసిన ప్రతి బోరు రాసిండు, సంవత్సరం, ఎన్ని ఫీట్లు, ఏ చెట్టు నుంచి ఎన్ని అడుగులు, నీళ్లా దుమ్మా. ఈ కంది పైసలు రాంగనే నేను ఒక బోరు ఏపిద్దామని పోయిన ఎండకాలమే టెంకాయ పట్టి పాయింటు పెట్టిచ్చిన, రాయి గూడ పాతిన. వేప చెట్టుకు తూర్పున. ఫైల్ల చూస్తే, 2004, వేప చెట్టుకు తూర్పున 15 అడుగులు, 260 ఫీట్లు, దుమ్ము. కింద ఇంకొక వరుస, 2006, అదే చెట్టు, పడమర, 240, దుమ్ము. అప్పుడు నేను సిన్నగ ఉండె, గుంత పూడ్చినట్టు గూడ యాది లేదు.

టేపు పట్టుకోని పోయి కొలిసిన. నేను రాయి పాతిన కాడికి 18 అడుగులు వచ్చింది.

రాయి పీకి గట్టు మీద ఏసిన. బండోళ్లకు ఫోన్ చేసి ఈ ఏడు వద్దని చెప్పిన. ఫైల్ల ఎక్కడ నీళ్లు పడ్డయో గూడ ఉన్నది, అది మా అన్న వాటాకు పోయింది. దాని ముచ్చట అన్నతోని మాట్లాడాలె.

మీ ఇండ్లల్ల పడ్డదాన్ని తీసి చూడుండ్రి. లేవకపోతే కూత పొడుగా పొట్టిగా, ఎన్నిసార్లు వస్తున్నదో లెక్కపెట్టి పెట్టుకోండ్రి, నాకు ఎరుకున్న కాడికి చెప్త. పగలు గుంటుక పని ఉన్నది, మాపటికి ఫోన్ చేయుండ్రి.